కలలోకొచ్చిన సున్నా, ఒకటి

పోయిన సంచికలో ఇంగ్లీషు ఫ్యామిలీ కామెడీల గురించి రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకుందామనుకున్నా. ఈ నెల వచ్చిన ఉత్తరాలూ మెయిళ్లూ చూస్తే ఎక్కువ భాగం ఒకే పిల్లాడి చుట్టూ, అందులోనూ ఒకే కల చుట్టూ తిరుగుతున్నాయి. సరే, ఈసారికి అదే కానిద్దాం. వంకాయ పచ్చడి కుదరట్లేదన్న ఆవిడ వచ్చే నెల దాకా ఆగాలి, ఏమనుకోకండి.

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటామండీ. మా బాబుకి తొమ్మిదేళ్లు. వాడూ నేనూ యంగ్ షెల్డన్ చూస్తున్నాం, ఒక ఎపిసోడ్‌లో ఆ పిల్లాడి కలలోకి ఒకటి, సున్నా అంకెలు వచ్చి మాట్లాడతాయి, లేచాక వాడు లెక్కల మతం అని ఒకటి మొదలుపెడతాడు. అప్పట్నుంచి మా వాడు దేవుడి మందిరం ముందు నిలబడి "నా దేవుడు సున్నా" అంటున్నాడు. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అసలు ఆ ఎపిసోడ్‌లో ఏం చెప్పదలుచుకున్నారు? ఒక ఆట కోసం చర్చివాళ్లు అంత గోల చెయ్యడమేంటి?

జవాబు: ముందు అత్తయ్యగారి సంగతి చూద్దాం అమ్మా. మన పాత గణిత శ్లోకాల్లో సున్నాకి ఆకాశం, అంబరం, పూర్ణం అని పేర్లున్నాయి, మనవడు పూర్ణాన్ని పూజిస్తున్నాడని చెప్పి చూడండి, కనీసం పెరుగన్నమైనా తింటారు.

ఇక ఎపిసోడ్. అది మొదటి సీజన్లో పదకొండోది, 2018 జనవరిలో వచ్చింది. చూడనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తా. కథ జరిగేది 1989లో, తూర్పు టెక్సస్‌లో మెడ్‌ఫర్డ్ అనే కల్పిత ఊళ్లో. షెల్డన్ కూపర్‌కి తొమ్మిదేళ్లు, అప్పుడే హైస్కూల్లో ఉంటాడు, అన్నతో ఒకే క్లాసు. నాన్న జార్జ్ అదే స్కూల్లో ఫుట్‌బాల్ కోచ్, అమ్మ మేరీ బాప్టిస్టు చర్చికి ప్రాణం పెట్టే మనిషి, కవల చెల్లి మిస్సీ, ఎవరికీ భయపడని అమ్మమ్మ. మీరుండే ఫ్రిస్కో కూడా టెక్ససే అయినా అక్కడికీ ఇక్కడికీ పోలికే లేదు, మీ దగ్గర ఇండియన్ స్టోర్‌లో గోంగూర దొరుకుతుంది, ఆ ఊళ్లో చర్చీ, ఫుట్‌బాలూ, బార్బెక్యూ తప్ప ఇంకో లోకం లేదు. ఆ లోకంలో దేవుణ్ణి నమ్మనని పైకే అనే తొమ్మిదేళ్ల పిల్లాడు. అదీ సెటప్పు.

వాడికి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట మీద మోజు పుడుతుంది. చర్చిలో అది సైతాను ఆట అని ప్రసంగాలు మొదలౌతాయి, వాళ్లమ్మ భయపడి వాణ్ణి సండే స్కూల్లో పడేస్తుంది. మామూలు పిల్లాడైతే ఏడుస్తాడు లేదా ఎగ్గొడతాడు. వీడు అలా కాదు, మతం అంటే సరే మతమే అని లోకంలో ఉన్న మిగతా మతాలన్నీ ఒక్కొక్కటే చదవడం మొదలుపెడతాడు, సైకిలు కొనేముందు నాలుగు షాపులు తిరిగినట్టు. ఆ చదువంతా బుర్రలో తిరుగుతుండగా ఆ కల. కలలో దేవుడూ దేవదూతా ఎవరూ రారు, అంకెలొస్తాయి. లేచేసరికి మ్యాథాలజీ అనే సొంత మతం రెడీ.

ఆట గోల మాత్రం రైటర్లు పుట్టించింది కాదమ్మా, నిజంగా జరిగిందే. ఆ ఆట 1974లో వచ్చింది, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. బల్ల చుట్టూ కూర్చుని ఒకడు కథ చెప్తుంటే మిగతావాళ్లు వీరులుగా, మంత్రగాళ్లుగా నటిస్తూ ఇరవై ముఖాల పాచికలు వేస్తూ ఆడేది. అందులో భూతాలూ మంత్రాలూ ఉన్నాయి కాబట్టి 80ల్లో అమెరికాలో చాలామంది తల్లిదండ్రులు ఇది పిల్లల్ని సైతాను దగ్గరికి తీసుకెళ్తోందని గట్టిగా నమ్మారు. వర్జీనియాలో కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి 1983లో ఈ ఆటకి వ్యతిరేకంగా ఒక సంఘమే పెట్టింది. 1985లో సీబీఎస్ చానల్ వాళ్ల పేరున్న 60 మినిట్స్ ప్రోగ్రాంలో ఈ ఆట మంచిదా కాదా అని సీరియస్‌గా చర్చ పెట్టారు. ముప్ఫై రెండేళ్ల తర్వాత యంగ్ షెల్డన్ వేసిందీ అదే సీబీఎస్! అప్పుడు భయపెట్టి చూపించారు, ఇప్పుడు నవ్వించి చూపించారు, రెండుసార్లూ యాడ్స్ డబ్బులు వాళ్లకే.

మనం మాత్రం ఏం తక్కువ, పబ్జీ టైంలో ప్రతి ఇంట్లో ఇదే ప్రసంగం కదా. మా ఇంట్లో అయితే వైకుంఠపాళి తప్ప ఏ ఆటైనా అనుమానమే, దాంట్లో పాముల మీద పాపాల పేర్లు రాసుంటాయని పాస్ చేశారు.

ఎపిసోడ్‌లో ఏం చెప్పదలుచుకున్నారంటే, నాకర్థమైంది ఇది: ఆ కల దేవుడి మీద వెక్కిరింపు కాదు. వాడికి నిజంగానే ఏదో ఒకటి నమ్మాలనుంది, వాళ్లమ్మ ముఖంలో చర్చిలో కనిపించే ఆ నెమ్మది తనకీ కావాలి, కానీ తను నమ్మగలిగే భాష ఒక్కటే, లెక్కలు. కాబట్టి బుర్ర నిద్రలో ఆ భాషలోనే ఒక దేవుణ్ణి తయారుచేసి ఇచ్చింది. మొట్టమొదటి ఎపిసోడ్‌లోనే ఈ విత్తనం ఉంది చూడండి, దేవుణ్ణి నమ్మనివాడివి చర్చికెందుకొస్తున్నావురా అంటే, అమ్మని నమ్ముతాను కాబట్టి అన్నట్టు చెప్తాడు. నాకు కల సీను కన్నా ఆ ఒక్క మాటే ఎక్కువ గుర్తుంది.

మీ వాణ్ణి ఏమీ అనకండి. మందిరం ముందు సున్నా గీసి దానికో పువ్వు పెట్టమనండి, నాలుగో రోజుకి వాడికే బోరు కొడుతుంది.

ప్రశ్న: సున్నా, ఒకటి దేవుళ్లేంటండీ, తలాతోకా లేదు. ఇదంతా రైటర్లకి రాత్రి పూట పుట్టిన పైత్యం అంటాను. (కర్నూలు)

జవాబు: మూడొందల ఏళ్ల కిందే పుట్టింది సార్ ఆ పైత్యం, అదీ మామూలు మనిషికి కాదు. జర్మనీ గణితవేత్త లైబ్నిజ్. రెండే అంకెలతో లోకంలో ఏ సంఖ్యనైనా రాయొచ్చని చూపించే బైనరీ పద్ధతి మీద 1703లో పేపర్ అచ్చేశాడు. దానికి ముందే 1697లో తమ డ్యూకుగారికి న్యూ ఇయర్ శుభాకాంక్షలు రాస్తూ ఈ పద్ధతి వివరించి, ఒకటి అంటే దేవుడు, సున్నా అంటే శూన్యం, దేవుడు శూన్యంలోంచి సృష్టి మొత్తం చేశాడనడానికి ఇంతకన్నా మంచి బొమ్మ ఉండదు, దీని మీద ఒక పతకం కొట్టిద్దామని డిజైన్ కూడా గీసి పంపాడు. చైనాలో ఉన్న ఒక క్రైస్తవ మిషనరీతో ఇదే విషయం మీద ఉత్తరాలు నడిపాడు. అంటే షెల్డన్ కల లైబ్నిజ్‌గారి గ్రీటింగ్ కార్డు! రైటర్లకి ఈ సంగతి తెలిసి రాశారో, గాల్లో బాణం తగిలిందో నేను చెప్పలేను గానీ కుదిరింది మాత్రం బ్రహ్మాండంగా.

అయినా మీరు కర్నూలాయన, తెలుగు మీడియం అయ్యే ఉంటారు, ఇది మీకు తొమ్మిదో క్లాసులోనే నేర్పారు. లఘువు, గురువు. రెండే గుర్తులు, నిలువు గీత ఒకటి, యు లాంటిది ఒకటి. మూడక్షరాలకి ఎన్ని గణాలొస్తాయి? ఎనిమిది. రెండుని మూడుసార్లు గుణిస్తే ఎనిమిది. య, మ, త, ర, జ, భ, న, స. మా మాస్టారు బెత్తంతో నేర్పిన "యమాతారాజభానసలగం" గుర్తుందా? దాంట్లో ఎక్కడ మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకున్నా ఆ మొదటి అక్షరం పేరున్న గణం వచ్చేస్తుంది. యమాతా అంటే లఘువు గురువు గురువు, య గణం. మాతారా మూడూ గురువులు, మ గణం. నసల మూడూ లఘువులు, న గణం. ఇలా ఎనిమిదీ పదే పది అక్షరాల్లో ఇరికించారు, ఒక్క అక్షరం వేస్టు లేదు, ఇలాంటి వరసల మీద ఇప్పుడు కంప్యూటర్ సైన్సులో పాఠాలున్నాయి. ఇన్ని లఘువులూ గురువులతో ఎన్ని రకాల పాదాలు కుదురుతాయి, వాటిని వరసగా ఎలా రాయాలి అన్నది ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడు రెండు వేల ఏళ్లకి పైనే లెక్క కట్టాడు. కంప్యూటర్ కూడా మనమే కనిపెట్టాం అని నేననను, వాట్సాపులో ఆ పని చేసేవాళ్లు వేరే ఉన్నారు. కానీ ఉత్పలమాలకి భరనభభరవ అని గణవిభజన చేసిన ప్రతివాడూ బైనరీలో కాసేపు తిరిగొచ్చినవాడే, మనకి మార్కులు పోతాయన్న భయంలో అది కనపడలేదంతే.

ప్రశ్న: నమస్తే. మాది హనుమకొండ. మా పోరగానికి ఎనిమిదేండ్లు, లెక్కలల్ల మస్తు చురుకు. కలల కూడ లెక్కలే ఒస్తయంటడు, మొన్న పొద్దుగాల లేశి రాత్రి రాని లెక్కకు కలల జవాబు దొరికిందన్నడు, నిజంగనే కరెక్టున్నది. ఒక కోచింగోళ్లకు జెప్తే ఇసొంటి పిలగాడు లక్షల ఒక్కడుంటడు, ఇప్పటిసంది ఐఐటీ ఫౌండేషన్ల ఎయ్యిమన్నరు, ఫీజు ఇంటే కండ్లు తిరిగినయ్. అసలు కలలు జూశి పిలగాని తెలివి పట్టొచ్చునా?

జవాబు: పట్టలేరన్నా. ఫీజు మాత్రం పట్టొచ్చు, వాళ్లు ఆ పని మీదే ఉన్నారు.

కొంచెం వివరంగా చెప్తా, మీరు డబ్బు కట్టేముందు తెలియాలి కాబట్టి. నిద్రలో కళ్లు రెప్పల కింద గబగబా కదిలే దశ ఒకటుందని 1953లో షికాగో యూనివర్సిటీలో అసెరిన్స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు బయటపెట్టారు. కథలు కథలుగా, రంగురంగుల్లో గుర్తుండే కలలు ఎక్కువగా ఆ దశలోవే. ఆ టైంలో మెదడులో బొమ్మలూ భయాలూ సంతోషాలూ నడిపే భాగాలు జోరు మీదుంటాయి, "ఇదేంట్రా ఇలా ఎలా కుదురుతుంది" అని అడ్డుపడే ముందు భాగం మాత్రం డల్‌గా ఉంటుంది. అందుకే కలలో సున్నా వచ్చి మాట్లాడినా మనం నోరెత్తం, పొద్దున లేచాకే నవ్వొస్తుంది.

పిల్లల కలల మీద డేవిడ్ ఫౌక్స్ అనే అమెరికా సైకాలజిస్టు ఏళ్ల తరబడి పనిచేశాడు, పిల్లల్ని ల్యాబులో పడుకోబెట్టి ఆ దశలో లేపి ఏం కలొచ్చిందో అడిగేవాడు. అయిదేళ్ల లోపు పిల్లలు చాలాసార్లు ఏమీ లేదనే చెప్పారు, చెప్పినా ఏదో ఒక జంతువు నిలబడుంది లాంటి ఫోటో ముక్కలే. ఏడూ ఎనిమిదీ తొమ్మిదేళ్లకొచ్చేసరికి అందులో కదలికొస్తుంది, కథొస్తుంది, కలలో తనూ ఒక పాత్ర అవుతాడు. ఇంకో తమాషా ఏంటంటే కలలు బాగా చెప్పినవాళ్లు గలగలా మాట్లాడే పిల్లలేమీ కాదు, రంగు దిమ్మలు పేర్చి చూపించిన డిజైన్ లాగే తయారుచేసే పరీక్షలో మంచి మార్కులొచ్చినవాళ్లు. అంటే కళ్లు మూసుకుని బొమ్మని మనసులో తిప్పగలిగే శక్తికీ కలకీ సంబంధం ఉంది. మీ వాడి వయసుకి కలలు కథలుగా రావడం మామూలే, రోజంతా లెక్కలు చేసేవాడికి కలలో లెక్కలు రావడం కూడా మామూలే. కొబ్బరికాయలమ్మేవాడికి కొబ్బరికాయలే వస్తాయి.

మరి జవాబు కరెక్టయింది కదా అంటారు. అవుతుంది. ఆటో లోవీ అని ఒక శాస్త్రవేత్త ఉండేవాడు, నరం నుంచి గుండెకి కబురు కరెంటులా వెళ్తుందా, ఏదైనా రసాయనం మోసుకెళ్తుందా అని ఏళ్లుగా బుర్రలో ఉంది. ఒక రాత్రి కలలో ప్రయోగం మొత్తం కనపడింది, లేచి చీటీ మీద గిలికి మళ్లీ పడుకున్నాడు. పొద్దున చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు! ఆ రోజంతా ఎలా గడిపుంటాడో ఊహించుకోండి. అదృష్టం బాగుండి మర్నాటి రాత్రి మళ్లీ అదే కల, ఈసారి చీటీ గీటీ పెట్టుకోకుండా తెల్లవారుజామున సరాసరి ల్యాబుకి పోయి రెండు కప్పల గుండెలతో చేసేశాడు, ఒక గుండెని నెమ్మదింపజేసి దాని చుట్టూ ఉన్న ద్రవం తీసి రెండోదానికి పోస్తే అదీ నెమ్మదించింది. 1936లో నోబెల్ వచ్చింది. మన రామానుజన్ కూడా నామక్కల్ నామగిరి అమ్మవారు కలలో కనపడి సూత్రాలు చెప్పేదని చెప్పుకునేవాడు, కలలో రక్తం పారుతున్న ఎర్రటి తెర మీద ఒక చెయ్యి వచ్చి సమీకరణాలు రాసిందని ఆయన చెప్పినట్టు కథనాలున్నాయి. అయితే ఆ చెయ్యి రాసింది ఎలిప్టిక్ ఇంటిగ్రల్స్ అనే పెద్ద లెక్కలు, అవి పగలంతా పలక మీద రాసి మోచేత్తో తుడిచి మళ్లీ రాసిన మనిషికే వచ్చాయి. పలక ముట్టనివాడి కలలోకి అమ్మవారు వచ్చినా లడ్డు ప్రసాదమే ఇస్తుంది.

మీ పిలగానికి ఒక నోటుబుక్కూ పెన్సిలూ మంచం పక్కన పెట్టండి, మొత్తం ఖర్చు యాభై రూపాయలు. ఆ ఫౌండేషన్ డబ్బు బ్యాంకులో ఉంచండి. మా మేనల్లుణ్ణి ఆరో క్లాసులో ఇలాగే ఒకచోట చేర్పించారు, పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా, రెండేళ్ల తర్వాత వాడికి కలల్లో కూడా ఓఎంఆర్ షీటే.

ప్రశ్న: మా పాప అసలు తనకి కలలే రావంటుంది. ఏదైనా లోపమా? (రాజమండ్రి)

జవాబు: వస్తాయి, గుర్తుండవు. స్కూలు బస్సు కోసం గుంజి లేపకుండా ఒక ఆదివారం తనంతట తను లేచేదాకా వదిలి చూడండి.

ప్రశ్న: ఆ సీరియల్లో అమ్మ వేషం వేసినామె పెద్ద షెల్డన్ సీరియల్లో అమ్మలాగే మాట్లాడుతుంది, నడుస్తుంది. ఎలా అండీ అంత పోలిక? (విశాఖపట్నం)

జవాబు: నిజంగా తల్లీకూతుళ్లే. మీరన్న పెద్ద షెల్డన్ సీరియల్ ది బిగ్ బ్యాంగ్ థియరీ, అందులో వయసు మళ్లిన మేరీగా వేసింది లారీ మెట్‌కాఫ్, యంగ్ షెల్డన్‌లో మేరీగా వేసింది ఆమె కూతురు జోయీ పెరీ. ఇక కథ చెప్పే గొంతు జిమ్ పార్సన్స్‌ది, పెద్ద షెల్డన్ ఆయనే, చిన్న షెల్డన్ ఇయాన్ ఆర్మిటేజ్. ఇంకొకటి గమనించారా, పెద్దదాంట్లో జనం ముందు స్టేజీ మీద తీసి నవ్వులు వినిపిస్తారు, చిన్నదాంట్లో ఆ నవ్వులు లేవు. కల సీను పండింది అందుకే అనుకుంటా, ఒకటీ సున్నా మాట్లాడుతుంటే వెనకాల వందమంది పకపకా నవ్వితే అది కల అవ్వదు, రికార్డింగ్ డ్యాన్స్ అవుతుంది. మన సినిమాల్లో కల అంటే హీరోయిన్ చలికి వణుకుతూ స్విట్జర్లాండ్ మంచులో చిఫాన్ చీరతో గెంతడమే కాబట్టి మనకి ఈ తేడా తొందరగా తెలియదు.

ప్రశ్న: నేను మచిలీపట్నంలో ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మనవరాలు చూపిస్తే మీరంటున్న సీరియల్ కొంత చూశాను. తెలివైన పిల్లవాణ్ణి ఒక జోకర్‌ని చేసి, వాడికి మనసు లేనట్టూ మనుషులతో మెలగడం రానట్టూ చూపిస్తున్నారు. ఇది చూసిన పిల్లలు లెక్కలొచ్చినవాణ్ణి వింత జంతువులా చూడరా? రెండో సంగతి, ఆ బైనరీని చిన్నపిల్లలకి సులువుగా చెప్పే దారేదైనా ఉంటే రాయండి, అపార్ట్‌మెంట్ పిల్లలకి చెప్తాను.

జవాబు: మాస్టారూ, మీ కోపంలో సగం నాదీ. పెద్ద సీరియల్ విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా, 2007 నుంచి 2019 దాకా 279 ఎపిసోడ్లు లాగారు, అందులో చాలా జోకులు చదువుకున్నవాడికి లోకజ్ఞానం ఉండదు అన్న ఒక్క ముక్కనే తిప్పితిప్పి వడ్డించినవి. చిన్న షెల్డన్‌లో కూడా అది ఉంది, చేతులు కడుక్కోవడం మీద, క్రిముల మీద, టైమ్‌టేబుల్ మీద. కానీ మనసు లేనట్టు చూపించారంటే మాత్రం ఒప్పుకోను. మీ మనవరాల్ని అడిగి రెండో సీజన్లో మూడో ఎపిసోడ్ పెట్టించుకోండి. అందులో వాళ్ల చర్చికొచ్చే ఒక పిల్ల చనిపోతుంది, అంత భక్తురాలైన మేరీకి నమ్మకం కదిలిపోతుంది, ప్రార్థన చెయ్యలేకపోతుంది. అప్పుడు ఈ దేవుణ్ణి నమ్మని పిల్లాడు వెళ్లి పక్కన కూర్చుంటాడు. భూమ్యాకర్షణ శక్తి ఇంకాస్త ఎక్కువున్నా తక్కువున్నా ఈ విశ్వం ఇలా ఉండేది కాదు, ఇంత కచ్చితంగా కుదరడం చూస్తే చేసినవాడు ఒకడున్నాడనుకోవడం తర్కానికి అందనిదేమీ కాదు అన్నట్టు చెప్తాడు. తను మారిపోయి కాదు, అమ్మ కోసం. ఆ తర్వాత, లోకంలో అయిదొందల కోట్ల మందిలో తనకి సరిగ్గా సరిపోయే అమ్మే దొరికిందని కూడా అంటాడు. మొదటి సీజన్లో అంకెల కల కని మతం పెట్టిన పిల్లాడే వీడు, ఈసారి ఆ లెక్కల్నే తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాడు. నాకైతే కళ్లు తడిశాయి, పక్కన మా ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు కాబట్టి పరువు దక్కింది.

బైనరీకి వేళ్లే చాలు మాస్టారూ. మనవాళ్లు కణుపుల మీద చేతికి పన్నెండు లెక్కపెడతారు కదా, ఇది అంతకన్నా పైకెళ్తుంది. కుడిచెయ్యి అరచెయ్యి మనవైపు పెట్టుకుని బొటనవేలు ఒకటి, చూపుడువేలు రెండు, మధ్యవేలు నాలుగు, ఉంగరంవేలు ఎనిమిది, చిటికెనవేలు పదహారు అనుకోమనండి. వేలు లేస్తే ఒకటి, మడిస్తే సున్నా. లేచిన వేళ్ల విలువలు కూడితే సంఖ్య. షెల్డన్ వయసు తొమ్మిది చూపించాలంటే ఎనిమిదీ ఒకటీ, అంటే ఉంగరంవేలూ బొటనవేలూ లేపాలి, కాగితం మీద రాస్తే 1001. అయిదూ లేపితే ముప్ఫై ఒకటి, రెండు చేతులూ కలిపితే వెయ్యి ఇరవై మూడు దాకా వెళ్లిపోవచ్చు, పిల్లలకి వేళ్లు పట్టేస్తాయి కానీ వదలరు.

ఒక్క చిక్కుంది. నాలుగు చూపించాలంటే మధ్యవేలు ఒక్కటే లేపాలి. మచిలీపట్నంలో పర్లేదు గానీ, ఫ్రిస్కో అమ్మా, ఈ జవాబు మీరు కూడా చదువుతున్నట్టైతే, మీ వాణ్ణి నాలుగు మాత్రం ఇంట్లోనే లెక్కపెట్టుకోమనండి, అదీ నాయనమ్మ వైపు తిరిగి కాకుండా.